అరుగు మీద ఏడు తరాలు

సంక్రాంతికి ముందు అటక దులుపుతుంటే ఇత్తడి బిందె ఒకటి బయటపడుతుంది. చింతపండు పెట్టి తోమితే మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనిపిస్తుంది. ఎవరో ఆడమనిషి పేరు. పక్కన ఓ తారీఖు.

'ఎవరు నానమ్మా ఈవిడ?' అని అడుగుతుంది మనవరాలు. నానమ్మ కళ్లజోడు సవరించుకుని చూస్తుంది. 'మా అత్తగారి అత్తగారు అనుకుంటానే... లేకపోతే ఆవిడ తోడికోడలో! మీ తాతయ్య ఉంటే చెప్పేవారు' అంటుంది.

అంతే! ఆ బిందెతో ఏళ్ల తరబడి నీళ్లు మోసిన మనిషి, ఈ ఇంట్లో పురుళ్లు పోసుకుని పిల్లల్ని పెంచిన మనిషి, 'అనుకుంటానే' అన్న ఒక్క మాటలో కలిసిపోయింది.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. నాన్న పేరు, తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు తద్దినం పెట్టేవాళ్లకు గుర్తుంటుంది, మంత్రంలో మూడు తరాలు చెప్పాలి కాబట్టి. ఆ పైన ఎవరు? పేరు తెలిసినా, వాళ్లెలా బతికారో తెలుసా?

ఒక ఇంటిని పట్టుకుని ముత్తాత దగ్గర్నుంచి మునిమనవడి దాకా నడిపించే పుస్తకాలకు ప్రపంచమంతటా పాఠకులున్నది అందుకే. వాటిలో నవలలున్నాయి, జ్ఞాపకాలున్నాయి. పేరుపొందిన కొన్నింటి వెనక ఏం జరిగిందో చూస్తే అన్నిచోట్లా ఒకటే కనిపిస్తుంది. ఎవరో ఒకరు అడిగారు. ఎవరో ఒకరు చెప్పారు. విన్నవాళ్లు మరచిపోకముందే రాసుకున్నారు. ఆ అడగడం కాస్త ఆలస్యమై ఉంటే ఆ పుస్తకాలు ఉండేవి కావు.

అమ్మమ్మల ముచ్చట్లు

'ఏడు తరాలు' అనగానే తెలుగు పాఠకులకు గుర్తొచ్చేది ఒకటే పుస్తకం. అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్' 1976లో అమెరికాలో అచ్చయింది. దాన్ని సహవాసి కుదించి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఆ పేరుతో ప్రచురించింది. అమెరికా ఎక్కడుందో పటంలో చూపించలేని వాళ్లు కూడా కుంటా కింటే కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆ పుస్తకానికి విత్తనం పడింది ఇంటి ముందు వసారాలో. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో హెన్నింగ్ అని చిన్న ఊరు. హేలీ బాల్యం అక్కడ అమ్మమ్మ సింథియా ఇంట్లో గడిచింది. తాతయ్య పోయాక అమ్మమ్మ ఒంటరిదైంది. ఆమెకు తోడుగా ఎండాకాలంలో అక్కచెల్లెళ్లు వచ్చి ఉండేవారు. పొద్దుగూకాక అందరూ వసారాలో చేరి పాత ముచ్చట్లు మొదలుపెట్టేవారు. పిల్లవాడు ఓ మూల కూర్చుని వినేవాడు.

ఆ ముచ్చట్లన్నీ తిరిగి తిరిగి ఒక మనిషి దగ్గరకే వచ్చేవి. వాళ్లు అతన్ని 'ఆఫ్రికన్' అనేవారు. అడవిలో కట్టె కొట్టడానికి వెళ్తే పట్టుకుపోయారట. ఓడలో తెచ్చి అమ్మేశారట. యజమాని టోబీ అని పేరు పెడితే 'కాదు, నా పేరు కింటే' అనేవాడట. మాటిమాటికీ పారిపోతుంటే పాదం నరికేశారట. గిటారు చూపించి 'కో' అనేవాడు. దగ్గర్లోని నదిని చూపించి 'కాంబీ బొలాంగో' అనేవాడు. అర్థం తెలియని ఆ రెండు మూడు మాటల్నే కూతురికి నేర్పాడు. ఆమె తన కొడుక్కి నేర్పింది. అలా అవి అమ్మమ్మ నోటి దాకా వచ్చాయి.

హేలీ అమెరికా తీరరక్షక దళంలో ఇరవై ఏళ్లు పనిచేసి 1959లో బయటికొచ్చాక రచయితగా స్థిరపడ్డారు. చిన్నప్పటి మాటలు మాత్రం మనసులో అలాగే ఉండిపోయాయి. భాషలు తెలిసినవాళ్లను అడిగితే అవి పశ్చిమాఫ్రికాలోని మాండింకా భాషవి కావచ్చని, 'బొలాంగో' అంటే నది అని, అది గాంబియా నది అయ్యుంటుందని చెప్పారు. ఆ ఆధారం పట్టుకుని ఆయన 1967లో గాంబియాలోని జఫూరే అనే ఊరు వెళ్లారు. అక్కడ వంశాల చరిత్రను నోటికి అప్పజెప్పే ఒక పెద్దాయన కింటేల వరస మొత్తం వినిపించాడు. కట్టె కొట్టడానికి వెళ్లి తిరిగిరాని కుంటా అనే కుర్రాడి ప్రస్తావన అందులో ఉంది.

వసారాలో కూర్చున్న ఆడవాళ్లలో అప్పటికి మిగిలింది ఒకే ఒక్కరు, జార్జియా అనే వృద్ధురాలు. వెళ్లి కనుక్కురమ్మని హేలీని వెన్నుతట్టింది ఆమే. ఆయన జఫూరేలో అడుగుపెట్టిన రోజే ఆమె అమెరికాలో కన్నుమూసిందని హేలీ రాసుకున్నారు. ఆయన అడగడం ఇంకొన్నేళ్లు వాయిదా వేసి ఉంటే ఆ కథ చెప్పే నోరే ఉండేది కాదు.

మనకూ ఉన్నారు

వంశాన్ని నోటికి చెప్పే ఆ కథకుల్ని పశ్చిమాఫ్రికాలో 'గ్రియో'లంటారు. తెలుగు పల్లెలకు ఇదేమీ కొత్త కాదు. ఏటా కోతలయ్యాక ఇంటి ముందు నిలబడి గోత్రాలు, వంశాలు చెప్పి ధాన్యం పట్టుకెళ్లే పిచ్చుకకుంట్లవారు ఉండేవారు. ఇప్పుడు వాళ్లను వంశరాజ్‌లంటున్నారు. పద్మశాలీలకు పటం పరిచి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం వినిపించే డక్కలివారు... ఇలా ఒక్కో కులానికీ దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఆశ్రిత కథకులున్నారు. కాశీ, గయ, హరిద్వారం వెళ్లినవాళ్లకు పండాల దగ్గరుండే పొడవాటి పద్దులూ తెలిసినవే. ఊరి పేరు, ఇంటిపేరు చెబితే ఎప్పుడో వచ్చివెళ్లిన తాతముత్తాతల పేర్లు అందులోంచి చదువుతారు.

ఇప్పుడు పంట చాలావరకు కళ్లంలోంచి నేరుగా మార్కెట్టుకు పోతోంది. వంశం చెప్పే మనిషి గుమ్మంలోకి రావడం అరుదైపోయింది. వచ్చినా వినే తీరికున్నవాళ్లు తక్కువ. ఒకప్పుడు ఇంకొకరు గుర్తుపెట్టుకునేవారు కాబట్టి ఇంట్లోవాళ్లు మరచిపోయినా నడిచింది. ఇప్పుడా వీలు లేదు. ఇంటి కథను ఇంట్లోవాళ్లే దాచుకోవాలి.

కాగితం వేరేలా చెబితే?

అయితే పెద్దవాళ్లు చెప్పిందల్లా జరిగిందే అనుకోవచ్చా? హేలీకి ఎదురైన చిక్కే ఇది.

1977 జనవరిలో 'రూట్స్' టీవీ ధారావాహికగా వచ్చింది. ఎనిమిది రాత్రులు వరసగా ప్రసారమైతే 13 కోట్ల మంది దాకా చూశారని లెక్క. అదే ఏడాది పుస్తకానికి పులిట్జర్ ప్రత్యేక గౌరవం దక్కింది. ప్రశ్నలు మొదలైందీ అప్పుడే. జఫూరేలో కథ చెప్పిన పెద్దాయనకు హేలీ ఏం వినాలనుకుంటున్నారో ముందే తెలుసని పత్రికల్లో వచ్చింది. ఆ తర్వాత వంశ చరిత్రల పరిశోధకులు వర్జీనియా దస్తావేజులు తిరగేశారు. హేలీ లెక్క ప్రకారం కుంటా కింటే ఓడ 1767లో అమెరికా చేరింది. టోబీ అనే బానిస మాత్రం అంతకు అయిదేళ్ల ముందే అక్కడి కాగితాల్లో ఉన్నాడు! మరోవైపు, తన నవలలోని భాగాలు వాడుకున్నారంటూ హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత కోర్టుకెక్కారు. కొన్ని భాగాలు తన పుస్తకంలో కలిశాయని హేలీ ఒప్పుకొన్నారు. 1978లో ఆరున్నర లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

అంటే 'ఏడు తరాలు' అబద్ధమా? కోట్లమంది మనుషుల్ని ఓడల్లో కుక్కి తెచ్చి అమ్మడం అబద్ధం కాదు. పేరు మార్చడం, పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి అమ్మడం అబద్ధం కాదు. వసారాలో ఆ ఆడవాళ్లు చెప్పుకున్న మాటలూ అబద్ధం కాదు. వాటికీ దస్తావేజులకూ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీని హేలీ ఊహతో పూడ్చారు. నిజం, కల్పన కలిసిన రచన అని ఆయనే చెప్పినా, ఏది విన్నదో ఏది అల్లిందో పాఠకుడికి విడిగా తెలియలేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

ఇంటి కథ రాయాలనుకునేవాళ్లకు ఇందులో పెద్ద పాఠముంది. తెలియని చోట తెలియదని రాస్తే కథకు వచ్చే నష్టమేమీ లేదు. తెలిసినట్టు రాస్తే మాత్రం, ఒక్కటి తప్పని తేలిన రోజున మిగతా నిజాల్నీ ఎవరూ నమ్మరు.

బాబాయికి కోపమొచ్చింది

నిజం రాసినా తంటాలు తప్పవు. జర్మన్ రచయిత థామస్ మన్ 'బుడెన్‌బ్రోక్స్' నవల 1901లో వచ్చింది. ఆయనకప్పుడు పాతికేళ్లు దాటాయంతే. ల్యూబెక్ నగరంలోని ధాన్యం వ్యాపారుల కుటుంబం నాలుగు తరాల్లో ఎలా చితికిపోయిందో చెప్పే కథ. మన్ పుట్టింది సరిగ్గా అలాంటి ఇంట్లోనే. రాసేటప్పుడు ఇంట్లోవాళ్లకు ఉత్తరాలు రాసి పాత సంగతులు, వంటకాల వివరాలు కూడా అడిగి తెప్పించుకున్నారు.

పుస్తకం రాగానే ల్యూబెక్‌లో జనం ఏ పాత్ర ఎవరో చెప్పే జాబితాలు తయారుచేసుకుని పంచుకున్నారు. అందులో ఏ పనిలోనూ నిలకడ లేని తమ్ముడి పాత్ర ఒకటుంది. అది తనదేనని మన్ సొంత బాబాయి గుర్తుపట్టాడు. 1913లో ఊరి పత్రికలో ప్రకటనే వేయించాడు. రచయిత తన గూడును తానే పాడుచేసుకునే పక్షిలాంటివాడని అందులో దెప్పిపొడిచాడు. ఆ నవలే ముఖ్య కారణంగా మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ల్యూబెక్ ఆయన్ని గౌరవ పౌరుడిగా గుర్తించడానికి 1955 దాకా పట్టింది.

తెలుగిళ్లలోనూ ఇలాంటి బాబాయిలకు లోటు లేదు. పేకాటలో పొలం పోగొట్టుకున్న తాత, పుట్టింటికి రానివ్వని ఆడపడుచు, పంపకాల్లో జరిగిన మోసం, రెండో ఇల్లు... చాలా కుటుంబ చరిత్రలు ఇక్కడికొచ్చేసరికి మౌనం వహిస్తాయి. 'మన తాతగారు ధర్మాత్ముడు, ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెట్టి పంపేవారు' అని రాసి ముగిస్తారు. అలాంటి పుస్తకం గృహప్రవేశంలో పంచిపెట్టడానికి బాగుంటుంది. మనవడు మాత్రం రెండో పేజీ తిప్పడు. అన్నం పెట్టిన తాత కొడుకుతో పదేళ్లు ఎందుకు మాట్లాడలేదో చెబితే చివరిదాకా చదువుతాడు.

కన్నడ రచయిత ఎస్.ఎల్.భైరప్ప 'వంశవృక్ష' నవల ముడిపడింది ఇలాంటి రహస్యంతోనే. వంశగౌరవమే ప్రాణంగా బతికిన పండితుడు శ్రీనివాస శ్రోత్రికి వయసు మళ్లాక తన పుట్టుక గురించిన నిజం తెలుస్తుంది. తాను ఇంతకాలం మోసిన వంశం రక్తసంబంధంగా తనది కానే కాదు. దాన్ని బాపు 'వంశవృక్షం' పేరుతో 1980లో తెలుగు సినిమాగా తీశారు. వంశం అంటే రక్తమా, పెంపకమా, మనిషి పాటించిన విలువలా అన్న ప్రశ్న ఆ కథ చదివాక చాలాకాలం వదలదు.

చెట్టులో లేని కొమ్మలు

హేలీ ఏడు తరాల వరసను ఇంకోసారి చూస్తే ఓ విశేషం కనిపిస్తుంది. కుంటా కింటే, అతని కూతురు కిజ్జీ, ఆమె కొడుకు కోడిపందేల జార్జి, అతని కొడుకు కమ్మరి టామ్, టామ్ కూతురు సింథియా, ఆమె కూతురు బెర్తా, బెర్తా కొడుకు అలెక్స్. ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. మన పద్ధతిలో ఇంటిపేరు పట్టుకుని వంశవృక్షం గీస్తే ఇది రెండో మెట్టులోనే ఆగిపోయేది!

ఇప్పటికీ చాలా కుటుంబాల్లో అచ్చువేయించే వంశవృక్షాల్లో కూతుళ్లు కనిపించరు. కోడళ్లు భర్త పేరు పక్కన బ్రాకెట్లో ఉంటారు. అటకమీది బిందె మీద పేరున్న మనిషి ఎవరో తెలియకుండా పోయింది కూడా ఇలాగే.

ఈ లోటును కొందరు రచయిత్రులు పూడ్చారు. బెంగాలీలో ఆశాపూర్ణాదేవి మూడు నవలల్లో మూడు తరాల ఆడవాళ్ల కథ చెప్పారు. సత్యవతి, ఆమె కూతురు సువర్ణలత, ఆమె కూతురు బకుల్. తొమ్మిదేళ్ల కూతురికి తనకు తెలియకుండా పెళ్లి చేసేశారని సత్యవతి ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. ఆ నొప్పి తర్వాతి రెండు పుస్తకాల్లోనూ కొనసాగుతుంది. ఈ వరసలో మొదటిదైన 'ప్రథమ్ ప్రతిశ్రుతి'కే ఆమెకు 1976 జ్ఞానపీఠం వచ్చింది. చైనాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన యుంగ్ చాంగ్ దగ్గరకు 1988లో తల్లి వచ్చింది. అన్నాళ్లూ నోరు విప్పని తల్లి అక్కడ మొదలుపెట్టింది. తన తల్లికి పాదాలు కట్టేయడం, ఆమెను ఒక సైన్యాధిపతికి ఉంపుడుగత్తెగా ఇవ్వడం, ఆ తర్వాత తాను విప్లవంలో చేరడం... వెళ్లేనాటికి అరవై గంటల టేపులు నిండాయి. 1991లో వచ్చిన 'వైల్డ్ స్వాన్స్' పుస్తకం వాటిలోంచే పుట్టింది.

కాగితాల్లోకి ఎక్కనివాళ్లు ఇంకా ఉన్నారు. భూమి ఉన్నవాడికి దస్తావేజు ఉంటుంది. గుడి కట్టించినవాడికి శాసనం ఉంటుంది. ఊరి చివర ఉన్నవాళ్లకు? జి.కళ్యాణరావు 'అంటరాని వసంతం' ఆ ప్రశ్నకు సమాధానం. 2000లో వచ్చిన ఈ నవలలో రూతు అనే వృద్ధురాలు తన భర్త రూబేను చెప్పగా విన్న సంగతుల్ని గుర్తుచేసుకుంటుంది. పాటగాడు ఎల్లన్న, అతని కొడుకు శివయ్య, కరవులో ఊరు విడిచిన బతుకులు, మతం మారినా వదలని అంటరానితనం... ఒక్కో తరం ఆమె జ్ఞాపకంలోంచి బయటికొస్తుంది. చరిత్ర పుస్తకాలు వదిలేసిన కళాకారుల్ని, వాళ్ల పాటల్ని ఆ ముసలమ్మ జ్ఞాపకమే నిలబెడుతుంది.

ఆచార్యుడు వై.బి.సత్యనారాయణ నవల జోలికి పోకుండా జరిగింది జరిగినట్టే చెప్పారు. 2011లో ఇంగ్లిషులో వచ్చిన ఆయన పుస్తకాన్ని పి.సత్యవతి 'మా నాయన బాలయ్య'గా తెలుగు చేశారు. ఉత్తర తెలంగాణకు చెందిన మాదిగ కుటుంబం అది. మంచి చెప్పులు కుట్టి ఇచ్చినందుకు నిజాం ముత్తాతకు యాభై ఎకరాలు ఇస్తే, చేతిలో మిగిలింది రెండెకరాలే. తర్వాతి తరాలు ఊరొదిలి రైల్వే పనిలో చేరాయి, పిల్లల్ని బడికి పంపాయి. సుజాత గిడ్ల అమ్మ నోట, మేనమామ శివసాగర్ నోట విన్నది రాసుకుని 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' తెచ్చారు. వీళ్లకు కుటుంబ కథ రాయడం కాలక్షేపం కాదు. మేమూ ఉన్నాం, ఇలా బతికాం అని సాక్ష్యం చెప్పడం.

చదివేటప్పుడు...

తరాల నవల చేతికి తీసుకుంటే మొదటి యాభై పేజీల్లోనే చాలామంది కంగారుపడతారు. ఎవరు ఎవరి కొడుకో అంతుపట్టదు. గాబ్రియేల్ గార్షియా మార్క్వెజ్ 1967లో రాసిన 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' ఇందుకు పెట్టింది పేరు. ఏడు తరాల్లోనూ మగవాళ్లు చాలావరకు ఆర్కాదియోలు, ఔరేలియానోలే. ఒక్క కల్నల్‌కే ఔరేలియానో అనే పేరుతో పదిహేడుమంది కొడుకులు!

నిజానికి తెలుగువాళ్లు దీనికి భయపడాల్సిన పనిలేదు. తాత పేరు మనవడికి పెట్టడం ఇక్కడా ఉన్నదే. మామగారి పేరు నోటితో పలకకూడదు కాబట్టి కోడలు కొడుకును 'బుజ్జీ' అనో 'చంటీ' అనో పిలుస్తుంది. ఆ చంటి అరవై ఏళ్లొచ్చినా ఊళ్లో చంటిబాబుగారే. అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లకు మార్క్వెజ్ ఇల్లు పరాయిది అనిపించదు. పక్కన ఓ కాగితం పెట్టుకుని, పాత్ర వచ్చినప్పుడల్లా పేరు రాసి గీతలు కలుపుకుంటూ పోతే చాలు.

ఇంకో సంగతీ గమనిస్తుండాలి. ఏది ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్తోంది? ఒక్కోసారి అది ఇల్లు. ఒక్కోసారి పాట. ఒక్కోసారి అప్పు, ఒక్కోసారి పగ. అది దొరికిందంటే ఎంత లావు పుస్తకమైనా సాఫీగా సాగిపోతుంది. తర్వాత అదే ప్రశ్న సొంతింటి గురించీ వేసుకోబుద్ధవుతుంది.

రాయాలనుకుంటే...

ముందు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చోవాలి. సెల్‌ఫోన్లో మాటలు రికార్డు చేసుకోవచ్చు, కాకపోతే వాళ్లకు ముందే చెప్పి. 'నీ జీవితం గురించి చెప్పు' అంటే 'ఏముంది నాయనా చెప్పడానికి' అంటారు. అదే 'మీ పుట్టింట్లో పొయ్యి ఎటువైపు ఉండేది?', 'పెళ్లికి ఎడ్లబండిలో వెళ్లారా, రైల్లోనా?' అని అడిగితే గంటసేపు ఆగరు.

ఏడాది అడిగితే చెప్పలేరు. వాళ్ల క్యాలెండరు వేరు. 'రజాకార్ల గొడవప్పుడు' అంటే 1948కి అటూ ఇటూ. 'సాగర్‌కి శంకుస్థాపన చేసినప్పుడు' అంటే 1955. 'దివిసీమ ఉప్పెన ఏడాది' అంటే 1977. 'గోదారి ఇళ్లలోకి వచ్చినప్పుడు' అంటే 1986 కావచ్చు, అంతకుముందుదీ కావచ్చు. అప్పటికి కడుపుతో ఉన్నారా, చంకలో పిల్లాడున్నాడా అని అడిగితే లెక్క తేలుతుంది.

తర్వాత ఇంట్లో ఉన్న కాగితాలు చూడాలి. పాత పహాణీలు, అడంగళ్లు, శుభలేఖలు, జాతకాలు, పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో రాసిన పుస్తకం, ఉత్తరాలు, ఫొటోల వెనక రాతలు... చదివింపుల పుస్తకం ఒక్కటి చాలు, అప్పటికి ఎవరితో మాటలున్నాయో ఎవరితో లేవో చెప్పేస్తుంది. అయితే కాగితం చెప్పిందల్లా వేదం కాదు. బళ్లో చేర్చేనాడు పంతులుగారు తోచిన తేదీ వేయడంతో, జూలై ఒకటినే పుట్టినట్టు కాగితాల్లో ఉన్న పెద్దవాళ్లు ఎంతమందో!

రాసేటప్పుడు మూడు రకాల్ని విడిగా ఉంచాలి. కాగితంలో చూసింది, ఒకరు చెప్పగా విన్నది, ఇలా అయ్యుంటుందని అనుకున్నది. అక్క ఒకలా చెప్పి తమ్ముడు ఇంకోలా చెబితే రెండూ రాయాలి. ఆ తేడాయే ఒక కథ. బతికున్నవాళ్ల గురించి రాస్తే అచ్చుకిచ్చేముందు వాళ్లకు చదివి వినిపించాలి. వాళ్లు ఒద్దన్నది పక్కన పెట్టడమా, పేరు మార్చి నవలగా రాయడమా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు. కూతుళ్ల పేర్లు, కోడళ్ల పుట్టింటి ఊర్లు, ఇంట్లో పనిచేసినవాళ్ల పేర్లు కూడా రాయాలి. అవి లేని ఇంటి కథ సగమే.

గొప్పగా రాయాల్సిన పనీ లేదు. చిలీ నుంచి ప్రవాసం వెళ్లి వెనెజువెలాలో ఉంటున్న ఇసబెల్ అయెందే 1981 జనవరి 8న, మరణశయ్య మీదున్న తాతకు ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. ఉత్తరం పెరిగి పెరిగి 'ద హౌస్ ఆఫ్ ది స్పిరిట్స్' నవలైంది. తాత దాన్ని చదవనేలేదు. అయినా ఆ ఇంటి కథను ప్రపంచమంతా చదివింది.

రెండు గీతలు

'బుడెన్‌బ్రోక్స్' నవలలో ఆ కుటుంబానికి ఓ పుస్తకం ఉంటుంది. పుట్టినవాళ్లు, పెళ్లయినవాళ్లు, పోయినవాళ్లు... తరతరాల వివరాలూ అందులో ఉంటాయి. చివరి తరంవాడైన హానో అనే పిల్లాడు ఓరోజు దాన్ని తెరిచి, తన పేరు కింద అడ్డంగా రెండు గీతలు గీసేస్తాడు. ఎందుకలా చేశావని తండ్రి గద్దిస్తే, ఇక ఆ తర్వాత ఏమీ ఉండదనుకున్నానంటాడు బిక్కమొహం వేసి. నవలలో అతని మాటే నిజమవుతుంది.

చాలా ఇళ్లలో ఆ గీతలు పడుతూనే ఉన్నాయి, ఎవరూ పెన్ను పట్టుకోకుండానే. నానమ్మ పోయిన పదోరోజున ఆమె పెట్టె తెరిచి చీరలు పంచుకుంటారు. అడుగున ఉన్న కాగితాలు పాతపేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోతాయి.

అటకమీది బిందె తోమిన ఇంట్లో నానమ్మ ఇంకా ఉంది. ఆమెకు తెలియకపోతే పక్కూళ్లో ఉన్న ఆడపడుచుకు తెలిసి ఉండొచ్చు. పండక్కి వస్తుంది ఎలాగూ. బిందె మీద పేరెవరిదో అడగడానికి మనవరాలికి ఇంకా వ్యవధి ఉంది. పెద్దావిడ చెబితే సరే. చెప్పలేకపోతే ఆ పేరూ తారీఖూ ఓ నోటుబుక్కులో ఎక్కించి, పక్కన 'తెలియదు' అని రాసిపెట్టుకున్నా మంచిదే. కింద మాత్రం గీత గీయకూడదు!